పరదేశంలో మన పట్టా: జర్మన్ విశ్వవిద్యాలయాల మాస్టర్స్ ప్రవేశ నిబంధనలు

(స్మారకోపన్యాస పాఠం)



కట్టమంచి రామలింగారెడ్డి గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి విదేశీ విద్య తగిన విషయమే. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థి వేతనంతో 1902లో కేంబ్రిడ్జి వెళ్ళారు. అక్కడ సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర చదివారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తొలి ఉపకులపతి అయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా ఆ పదవి వదులుకుని, 1936లో తిరిగి చేపట్టి 1949 దాకా కొనసాగారు. పరాయి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండటమూ, సొంతగడ్డ మీద విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టడమూ రెండూ ఎరిగిన మనిషి. నేటి విషయానికి కూడా రెండు వైపులున్నాయి. దరఖాస్తు పెట్టే విద్యార్థిది ఒక వైపు, ఆ విద్యార్థికి పట్టా చేతికిచ్చి పంపే మన విశ్వవిద్యాలయానిది రెండో వైపు.

విదేశీ విద్యార్థులకు మాస్టర్స్ ప్రవేశ నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి. అన్నిటినీ తడిమి వదిలేయడం కంటే ఒక దేశాన్ని తీసుకుని లోతుగా చూడటం మేలు. అందుకు జర్మనీ అనువైనది. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో అక్కడ చదువుతున్న భారతీయులు 49 వేలు దాటారు. చైనా విద్యార్థులను వెనక్కినెట్టి విదేశీ విద్యార్థుల్లో వారే మొదటి స్థానంలో ఉన్నారు. ఆ దేశపు నిబంధనల్లో ఒక క్రమమూ, ఒక తర్కమూ కనిపిస్తాయి. ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదన ఒకటే: ప్రవేశమనేది మార్కుల పోటీగా మారకముందే పాఠ్యక్రమాల పోలికగా మొదలవుతుంది. ఆ పోలికలో నెగ్గని దరఖాస్తును ఎంత మంచి మార్కులైనా కాపాడలేవు.

1. ప్రశ్నలు వేరు, అడిగేవారు వేరు

ప్రవేశ అర్హతలంటే మన ఇళ్ళలో వినిపించే మాట "ఐఈఎల్‌టీఎస్ ఎంత, పర్సెంటేజీ ఎంత, బ్యాక్‌లాగ్‌లు ఎన్ని" అని. అసలు ప్రశ్నలు ఐదు. పట్టా నిజమైనదేనా? అది జర్మన్ బ్యాచిలర్స్ పట్టాకు సాటి వస్తుందా? అందులో చదివిన విషయాలు కోరుకున్న కోర్సుకు పునాదిగా సరిపోతాయా? బోధనా భాషలో తగినంత పట్టు ఉందా? అక్కడ బతకడానికి డబ్బుందా?

వీటికి జవాబు చూసేది ఒకే కార్యాలయం కాదు. పత్రాల నిజానిజాలు తేల్చేది ఢిల్లీలోని ఏపీఎస్ అనే జర్మన్ తనిఖీ కేంద్రం. విదేశీ పట్టాల స్థాయిని వర్గీకరించేది జర్మన్ రాష్ట్రాల విద్యామంత్రుల మండలి కింద పనిచేసే కేంద్రం. పాఠ్యక్రమాన్నీ భాషనూ చూసేది విశ్వవిద్యాలయం. డబ్బు చూసేది వీసా అధికారి. జర్మనీలో ఉన్నత విద్య 16 రాష్ట్రాల చేతిలో ఉంది. రాష్ట్ర చట్టానికి లోబడి ప్రతి విశ్వవిద్యాలయమూ తన కోర్సుల నిబంధనలు తానే రాసుకుంటుంది. అందుకే "జర్మనీకి ఏం కావాలి" అన్న ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం ఫలానా విశ్వవిద్యాలయంలో ఫలానా కోర్సు పేజీలోనే ఉంటుంది.

సభలోని తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఒకచోట వచ్చిన అనుకూల జవాబు మరోచోట చెల్లుతుందన్న హామీ లేదు. ఏపీఎస్ ధ్రువపత్రం వచ్చినంత మాత్రాన సీటు రాదు. సీటు వచ్చినంత మాత్రాన వీసా రాదు.

2. పట్టా నిజమేనా, సాటి వస్తుందా

పత్రాల తనిఖీ కోసం జర్మనీ ఏర్పాటు చేసిన ఏపీఎస్ పద్ధతి 2001లో బీజింగ్‌లో మొదలైంది, తర్వాత వియత్నాంకు వెళ్ళింది. భారతీయ విద్యార్థులకు 2022 నవంబరు 1 నుంచి వీసా దరఖాస్తుతో పాటు ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి అయింది. ఇంటర్ మార్కుల జాబితా మొదలు డిగ్రీ సెమిస్టర్ మెమోల దాకా పరిశీలించి, అవి నిజమైనవేనని, జర్మనీలో చదువుకు పనికొస్తాయని అది ధ్రువీకరిస్తుంది. దీనికి రుసుము 18,000 రూపాయలు. చాలా విశ్వవిద్యాలయాలు దీన్ని వీసా దాకా ఆగకుండా దరఖాస్తు దశలోనే అడుగుతున్నాయి. ధ్రువపత్రం చేతికి రావడానికి వారాలు, రద్దీ కాలంలో అంతకు మించి పట్టవచ్చు కనుక దరఖాస్తు పనుల్లో మొదట చేపట్టవలసింది ఇదే.

రెండో ప్రశ్న స్థాయిది. అనబిన్ అనే సమాచార నిధిలో ప్రపంచ దేశాల విద్యాసంస్థల జాబితా ఉంటుంది. గుర్తింపు ఉన్న సంస్థకు హెచ్ ప్లస్ అనీ, లేనిదానికి హెచ్ మైనస్ అనీ, విడివిడిగా చూడవలసినదానికి ఆ రెండూ కలిపీ గుర్తులుంటాయి. మన దగ్గర పట్టా ఇచ్చేది అనుబంధ కళాశాల కాదు, విశ్వవిద్యాలయం. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో చదివిన విద్యార్థి జాబితాలో చూసుకోవలసింది జేఎన్‌టీయూ పేరునే. కళాశాల పేరు కనిపించలేదని కంగారుపడనక్కరలేదు.

స్థాయి విషయంలో అసలు చిక్కు ఏళ్ళ లెక్కతో వస్తుంది. 1999లో బొలోన్యాలో ఐరోపా దేశాల విద్యామంత్రులు సంతకం చేసిన ప్రకటన తర్వాత జర్మనీ పాత పట్టాల స్థానంలో బ్యాచిలర్స్, మాస్టర్స్ అనే రెండంచెలను తెచ్చుకుంది. చదువును ఈసీటీఎస్ క్రెడిట్లలో కొలుస్తారు. ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే తరగతి, ఇంటిదగ్గర చదువు, పరీక్ష అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల శ్రమ. రెండంచెలూ కలిస్తే సాధారణంగా 300 రావాలి. 180 క్రెడిట్ల బ్యాచిలర్స్ తర్వాత 120 క్రెడిట్ల మాస్టర్స్ ఉంటుంది, 210 తర్వాత 90 ఉంటుంది. నాలుగేళ్ళ బీటెక్ చదివినవారికి ఈ లెక్కలో ఇబ్బంది లేదు. మూడేళ్ళ బీఎస్సీ, బీకాం, బీఏ చదివినవారికి చిక్కు ఇక్కడే. 210 క్రెడిట్లు కోరే మూడు సెమిస్టర్ల మాస్టర్స్‌కు మూడేళ్ళ పట్టా చాలదు. 180 కోరే కోర్సుల్లో కూడా కొన్ని విశ్వవిద్యాలయాలు మన మూడేళ్ళ పట్టాను యథాతథంగా ఒప్పుకోవు. 2020 జాతీయ విద్యావిధానం తెచ్చిన నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి విదేశీ ప్రవేశాల దృష్ట్యా ఉన్న విలువ ఇదే.

3. పాఠ్యక్రమాల పోలిక

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. జర్మనీలో మాస్టర్స్ కోర్సుల్లో ఎక్కువ భాగం బ్యాచిలర్స్‌కు కొనసాగింపుగా రూపొందినవే. నిబంధనల్లో "సంబంధిత విషయంలో పట్టా" అన్న షరతు ఉంటుంది. దాని కింద చాలా కోర్సులు క్రెడిట్ల పట్టిక కూడా ఇస్తాయి. గణితంలో ఇన్ని, సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని అని. అభ్యర్థి చదివిన ఒక్కొక్క సబ్జెక్టునూ ఆ పట్టికలోని గళ్ళలో పెట్టి చూస్తారు. గడి నిండకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ పోలికకే పాయింట్లు వేసి, వాటికి మార్కులు, ప్రేరణ లేఖ వంటివాటి పాయింట్లు కలిపి రెండంచెల్లో ఎంపిక చేస్తారు.

తెలుగు విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే. మెకానికల్‌లోనో సివిల్‌లోనో బీటెక్ చేసి, పై చదువుకు కంప్యూటర్ సైన్స్‌కు మారడం మనకు అలవాటైన దారి. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు అలాంటివారికి ముందుగా కొన్ని పునాది కోర్సులు చదవమని చెప్పి చేర్చుకుంటాయి. ఆ అనుభవంతో జర్మనీకి దరఖాస్తు పెడితే, 9 సీజీపీఏ ఉన్నా తిరస్కరణ లేఖ వస్తుంది. కారణం ప్రతిభలో లోపం కాదు. ఆటోమాటా సిద్ధాంతం, అల్గారిథమ్స్, డిస్క్రీట్ గణితం మెమోలో లేకపోవడం. అదే విద్యార్థి మెకట్రానిక్స్‌కో, కంప్యూటేషనల్ ఇంజనీరింగ్‌కో, ఉత్పాదక సాంకేతికతకో పెడితే అదే మెమో బలంగా నిలుస్తుంది. అక్కడా క్రెడిట్ల పట్టిక ఉంటుంది, అయితే దాని గళ్ళు మెకానికల్ చదివినవాడు నింపగలిగినవి. లోటు చిన్నదైతే కొన్ని విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాదిలోనే అదనపు సబ్జెక్టులు పూర్తి చేయాలన్న షరతు మీద చేర్చుకుంటాయి. లోటు పెద్దదైతే ఆ వెసులుబాటు ఉండదు.

మన క్రెడిట్లకూ వారి క్రెడిట్లకూ కొలమానం ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన దగ్గర వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ పొడవునా సాగితే ఒక క్రెడిట్. అక్కడ విద్యార్థి పడే మొత్తం శ్రమే కొలత. ఏఐసీటీఈ నమూనా పాఠ్యక్రమం ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు. నాలుగేళ్ళకు ఐరోపా లెక్కలో 240. ఈ నిష్పత్తి ప్రకారం మన నాలుగు క్రెడిట్ల సబ్జెక్టును ఆరుగా లెక్కించడం చాలాచోట్ల వాడుకలో ఉంది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ గుణకారాన్ని ఒప్పుకోకుండా పాఠ్యాంశాలనే చదివి తేల్చుకుంటాయి.

అందుకే దరఖాస్తులో సబ్జెక్టుల వివరణ పత్రం అడుగుతారు. ప్రతి సబ్జెక్టులో ఏయే యూనిట్లు ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలు, ల్యాబ్ ఉందా, ఏ పాఠ్యగ్రంథాలు అన్నది అందులో ఉండాలి. జర్మన్ విశ్వవిద్యాలయాలు ప్రతి కోర్సుకూ ఇలాంటి మాడ్యూల్ హ్యాండ్‌బుక్ ప్రచురిస్తాయి. మన విద్యార్థి చేతిలో ఉండేది తన రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం. ఆర్-18 రెగ్యులేషన్‌లో చదివినవాడు తర్వాతిదైన ఆర్-22 సిలబస్ జతచేస్తే సబ్జెక్టుల పేర్లు, క్రెడిట్లు మెమోతో కలవవు. సరైన రెగ్యులేషన్ సిలబస్ సంపాదించి, తాను చేరదలచిన కోర్సు పట్టిక పక్కన పెట్టి సబ్జెక్టు సబ్జెక్టుగా సరిచూసుకోవడమే దరఖాస్తులో అన్నిటికన్నా విలువైన పని. ఈ పనికి కన్సల్టెన్సీ అక్కరలేదు. ఓపిక ఉంటే చాలు.

4. మార్కుల మార్పిడి

పునాది కుదిరాక మార్కుల వంతు. జర్మన్ కొలమానం మనకు తలకిందులు. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 కేవలం ఉత్తీర్ణత. విదేశీ మార్కులను ఈ కొలమానంలోకి మార్చడానికి సవరించిన బవేరియా సూత్రాన్ని వాడతారు. గరిష్ఠ మార్కు నుంచి అభ్యర్థికి వచ్చిన మార్కు తీసివేయాలి. దాన్ని గరిష్ఠానికీ కనిష్ఠ ఉత్తీర్ణతకూ మధ్య తేడాతో భాగించాలి. వచ్చినదాన్ని మూడుతో హెచ్చించి ఒకటి కలపాలి.

ఒక లెక్క చూద్దాం. పదికి 7.6 సీజీపీఏ వచ్చిన విద్యార్థి ఉన్నాడు. వాడి విశ్వవిద్యాలయంలో కనిష్ఠ ఉత్తీర్ణత గ్రేడ్ పాయింటు 4 అయితే జర్మన్ గ్రేడ్ 2.2 వస్తుంది. అదే కనిష్ఠం 5 అయితే 2.44. కోర్సు 2.3 లేదా అంతకంటే మెరుగైన గ్రేడ్ కోరితే మొదటి లెక్కలో అర్హుడు, రెండో లెక్కలో అనర్హుడు. సీజీపీఏ మారలేదు. మారింది కనిష్ఠ ఉత్తీర్ణత అంకె ఒక్కటే. అది మెమో వెనకో ట్రాన్స్‌క్రిప్ట్ మీదో ముద్రించి లేకపోతే లెక్కగట్టేవారు తమకు తోచిన అంకె వేసుకుంటారు. దాని ఫలితం విద్యార్థి మీద పడుతుంది. అంచేత గ్రేడింగ్ విధానాన్ని వివరిస్తూ విశ్వవిద్యాలయం ముద్రతో ఉన్న పత్రం దరఖాస్తుకు తప్పక జతచేయాలి.

గ్రేడ్ హద్దు దాటినవారందరికీ సీటు దొరుకుతుందా అన్నది కోర్సును బట్టి ఉంటుంది. కొన్ని కోర్సుల్లో సీట్లకు పరిమితి లేదు. అర్హత ఉంటే ప్రవేశం ఉంటుంది. సంఖ్యా పరిమితి ఉన్నవాటిలో మాత్రం అర్హుల మధ్య వరుసక్రమం వేస్తారు. అక్కడ గ్రేడ్‌తో పాటు ప్రేరణ లేఖ, ప్రాజెక్టులు, కొన్నిచోట్ల ఇంటర్వ్యూ లెక్కలోకి వస్తాయి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు భారత్‌తో సహా కొన్ని దేశాల అభ్యర్థుల నుంచి జీఆర్‌ఈ గాని గేట్ గాని కోరుతూ వచ్చింది. ఐఐటీల కోసం రాసిన గేట్ స్కోరు ఇలా విదేశంలోనూ అక్కరకు రావడం ఇక్కడి విద్యార్థులకు తెలిసి ఉండవలసిన సంగతి.

5. భాష

ఆంగ్లంలో బోధించే కోర్సులకు ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 సర్వసాధారణంగా అడిగే స్కోరు. కొన్ని 6తో సరిపెట్టుకుంటాయి, కొన్ని 7 అడుగుతాయి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్ళే చెల్లుతాయి. "ఇంజనీరింగ్ అంతా ఆంగ్ల మాధ్యమంలోనే చదివాడు" అని కళాశాల ఇచ్చే పత్రాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకుంటాయి, ఎక్కువ చోట్ల పరీక్ష స్కోరే కావాలి.

జర్మన్‌లో బోధించే కోర్సులకు మెట్టు ఎత్తైనది. టెస్ట్‌డాఫ్ పరీక్ష నాలుగు విభాగాల్లోనూ 4వ స్థాయి, లేదా డీఎస్‌హెచ్-2, లేదా వాటికి సాటి వచ్చే ధ్రువపత్రం ఉండాలి. ఆ స్థాయికి చేరడానికి ఏడాదికి పైగా శ్రమ పడుతుంది. మన విద్యార్థులు ఎక్కువగా ఆంగ్ల కోర్సులనే ఎంచుకోవడానికి కారణం అదే. ఆ కోర్సుల్లోనూ ప్రాథమిక జర్మన్ ధ్రువపత్రం అడిగేవి ఉన్నాయి. అడగకపోయినా నేర్చుకుని వెళ్ళడం మంచిది. పార్ట్‌టైమ్ పనిలోనూ, చదువయ్యాక ఉద్యోగంలోనూ భాష రాని లోటు వెంటనే బయటపడుతుంది.

6. గడువులు, దారులు

జర్మన్ విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1న, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1న మొదలవుతాయి. దరఖాస్తుకు చివరి తేదీలుగా జులై 15, జనవరి 15 వాడుకలో ఉన్నా, విదేశీ అభ్యర్థుల గడువు మాస్టర్స్‌లో చాలాచోట్ల అంతకు ముందే, మార్చి నుంచి మే లోపే ముగుస్తుంది. ఎక్కువ కోర్సులు శీతాకాలంలోనే మొదలవుతాయి.

దరఖాస్తుకు రెండు దారులున్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ సొంత పోర్టల్‌లోనే తీసుకుంటాయి. మరికొన్ని బెర్లిన్‌లోని యూని-అసిస్ట్ సంస్థ ద్వారా తీసుకుంటాయి. ఒక సెమిస్టర్‌లో మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30 యూరోలు ఆ సంస్థ రుసుము. అది పత్రాలు సరిచూసి, గ్రేడ్ మార్చి పంపుతుందే తప్ప సీటు ఇచ్చే అధికారం దానికి లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు ముందుగా యూని-అసిస్ట్ నుంచి పత్రాల ప్రాథమిక పరిశీలన నివేదిక తెప్పించుకుని, దాన్ని తమ పోర్టల్‌లో జతచేయమంటాయి. ఆ నివేదికకు పట్టే వారాలను గడువులో నుంచి ముందే తీసేసుకుని లెక్క వేసుకోవాలి.

7. డబ్బు

జర్మనీలో చదువు ఉచితమన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధనా రుసుములను రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఎత్తివేశాయి, 2014లో లోయర్ శాక్సనీతో అది పూర్తయింది. ఆ తర్వాత బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రం 2017-18 నుంచి ఐరోపా సమాఖ్యకు బయటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు విధించింది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 నుంచి బయటి దేశాల మాస్టర్స్ విద్యార్థుల దగ్గర కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 లేదా 6,000 యూరోలు తీసుకుంటోంది. మిగతా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ చిన్న సెమిస్టర్ చెల్లింపుతోనే చేర్చుకుంటాయి. ప్రైవేటు సంస్థల సంగతి వేరు. "జర్మనీలో సీటు" అని చెప్పి ఎవరైనా పెద్ద ఫీజు అడిగితే, అది ప్రభుత్వ విశ్వవిద్యాలయమా ప్రైవేటుదా అని ముందు తెలుసుకోవాలి.

జీవన ఖర్చుకు రుజువు వీసా షరతు. 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపాలి. అక్కడికి వెళ్ళాక ఆ సొమ్ము నెలనెలా వాయిదాగా చేతికి వస్తుంది. దీన్ని ఫీజుగా పొరబడేవారున్నారు. ఇది విద్యార్థి సొంత డబ్బే. విశ్వవిద్యాలయం దీని గురించి అడగదు, సీటు నిర్ణయంతో దీనికి సంబంధం లేదు. ఆరోగ్య బీమా మాత్రం వీసాకూ, విశ్వవిద్యాలయంలో పేరు నమోదుకూ రెండిటికీ కావాలి. చదువుతూ పనిచేయడానికి 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజుల అనుమతి ఉంది. ఆ సంపాదనను నమ్ముకుని మొదటి ఏడాది ఖర్చు లెక్కవేయడం ప్రమాదం.

8. ఎవరు ఏం చేయాలి

ఐదు ప్రశ్నల్లో నాలుగింటికి జవాబు డబ్బుతోనో, పరీక్షతోనో, ఓపికతోనో సమకూర్చుకోవచ్చు. పాఠ్యక్రమం ఒక్కటే దరఖాస్తు నాటికి మారనిది. అది రెండో ఏడాదిలో ఎంచుకున్న ఎలక్టివ్‌తో, మూడో ఏడాదిలో వదిలేసిన గణితంతో నిర్ణయమైపోయి ఉంటుంది. కనుక విదేశం వెళ్ళదలచిన విద్యార్థి కోర్సు పట్టికలు చూడవలసింది నాలుగో ఏడాదిలో కాదు, రెండో ఏడాదిలో. అప్పుడు లోటున్న గడిని ఎలక్టివ్‌తోనో, మైనర్ డిగ్రీతోనో నింపుకునే వ్యవధి ఉంటుంది.

మన విశ్వవిద్యాలయాల బాధ్యత కూడా తేలికైనదేమీ కాదు. ప్రతి రెగ్యులేషన్‌కూ పూర్తి సిలబస్, పాతవాటితో సహా, విశ్వవిద్యాలయం పేరుతో అందుబాటులో ఉండాలి. ప్రతి ట్రాన్స్‌క్రిప్ట్ మీద గరిష్ఠ గ్రేడ్, కనిష్ఠ ఉత్తీర్ణత, క్రెడిట్ నిర్వచనం ముద్రించాలి. సబ్జెక్టు పేర్లు మెమోలో ఒకలా, సిలబస్‌లో ఒకలా ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త నిధులు అక్కరలేదు. పరీక్షల విభాగం అధిపతి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ సభలో ఉన్న పాలకవర్గ సభ్యులు రాబోయే విద్యా మండలి సమావేశంలో ఈ మూడు అంశాలను చర్చకు పెట్టాలని విన్నపం.